ఇంట్లో ఆ ఫోను ఎవరిది?

ప్రశ్న: నమస్తే సార్. మాది జగిత్యాల జిల్లాల ఒక ఊరు. నేను బీడీలు చేస్త. మా ఆయన దుబాయిల ఉంటడు. పెద్దోడు పదో తరగతి, చిన్నది ఎనిమిది. పోయిన ఏడు మా ఆయన వచ్చినప్పుడు పెద్దోనికి చదువుకోను మంచి ఫోను కొనిచ్చి పోయిండు. అప్పటిసంది వాడు దాన్ని చేతిలకెల్లి దించుతలేడు. అడిగితే "పాఠం వింటున్ననే అమ్మా" అంటడు. నిజమే, పొయ్యి చూస్తే లెక్కల సారు అండ్ల చెప్తనే ఉంటడు. బడి నుంచి హోంవర్కు కూడ వాట్సాపుల్నే వస్తది. లెక్క ఫోటో కొడితే జవాబు చెప్పే ఏఐ ఏదో ఉందట, అది గూడ వాడుతడు. కానీ ఎస్ఏ-1 పరీక్షల లెక్కలకు 80కి 31 వచ్చినయి. తొమ్మిదిల మంచిగ వచ్చేటివి. నేను ఏడు దాకనే చదివిన, వాడు ఏం చూస్తున్నడో నాకు సమజ్ కాదు. ఒకసారి ఫోను గుంజుకుంటే రెండు పూటలు అన్నం తినలే, "నేనేమన్న చేసుకుంట" అన్నడు. అప్పటిసంది భయమైతుంది. ఆయనకు చెప్తే "సదువుకునే పోరన్ని ఏమనకు" అంటడు. చిన్నదానికైతే ఫోను ముట్టనియ్య, ఆడపిల్ల గదా. పెద్దోని సంగతే, ఏం జెయ్యాల్నో చెప్పుండ్రి.
– ఒక తల్లి

జవాబు:

అమ్మా,

చదువు సంగతి తర్వాత. ముందు "ఏమన్న చేసుకుంట" అన్నాడన్నారే, ఆ మాట గురించి మాట్లాడుకుందాం. ఉత్త బెదిరింపేలే అని దాన్ని కొట్టిపారేయకండి. అలాగని భయపడి ఇంటి పెత్తనం వాడి చేతిలో పెట్టకండి. ఇద్దరూ ప్రశాంతంగా ఉన్న పూట, వాడి పక్కన కూర్చుని, "ఆ దినం అట్లన్నవు, నిజంగా నీకు అట్ల అనిపిస్తుందా బిడ్డా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా ఏమీ కాదు. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే పిల్లల గుండె తేలికపడుతుంది. ఆ మాట మళ్లీ అన్నా, నిద్రా తిండీ పోయినా, స్నేహితులతో కూడా మాట్లాడకుండా ముడుచుకుపోయినా 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్ అని ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రి పగలు ఎప్పుడైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మీరూ చేయవచ్చు, వాడూ చేయవచ్చు. ఆ నంబరు గోడ మీద క్యాలెండర్ పక్కన రాసి పెట్టండి.

గుంజుకోవడం మాత్రం ఇక వద్దు. అది ఎందుకు బెడిసికొట్టిందో మీ ఉత్తరం చదువుతుంటేనే నాకు తట్టింది. మీ ఆయన ఏడాదికో రెండేళ్లకో వచ్చి, నెల రోజులుండి పోతారు. మిగతా రోజులన్నీ ఆ ఇంట్లో నాన్న ఉండే చోటు ఎక్కడ? ఆ ఫోనులోనే. దుబాయి నుంచి వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి బోటిం యాప్‌లోనో మరోదాంట్లోనో, మనకు రాత్రి పది అయి, అక్కడ ఎనిమిదిన్నరకు డ్యూటీ దిగి గదికి చేరాక, ఆయన ముఖం కనిపించేది అందులోనే. పైగా అది ఆయన స్వయంగా కొనిచ్చి వెళ్లిన వస్తువు. మీరు దాన్ని గుంజుకున్నప్పుడు వాడి చేతిలోంచి ఏం పోయిందో ఒక్కసారి ఆలోచించండి. వాణ్ని వెనకేసుకు రావడానికి ఈ మాట అనడం లేదు. రెండు పూటల అలక వెనక ఆటల పిచ్చి ఒక్కటే ఉండకపోవచ్చని చెబుతున్నానంతే.

ఇక లెక్కలు. మీరు నమ్మినా నమ్మకపోయినా, మీవాడు అబద్ధం చెప్పడం లేదు. పాఠం వింటున్నాడు. చిక్కంతా ఆ వినడంలోనే ఉంది. ఇది నాకెలా తెలుసంటే, ఈ తప్పు నేనే చేశాను కాబట్టి.

కరోనాకు బడులు మూతపడ్డాయి కదా. 2020 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ పాఠాల చానెల్ టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. నేను అప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ని. టీవీ పాఠాలు మా పిల్లలకు చాలవనిపించి, ఇంట్లో గోడకు నల్లబల్ల కొట్టించి, మా అమ్మాయి చేత ఫోను పట్టించి, వర్గ సమీకరణాల అధ్యాయం మొత్తం రికార్డు చేసి గ్రూపులో పెట్టాను. ఇరవై నిమిషాల వీడియోలు, పద్నాలుగు. పిల్లలు దండాలు పెట్టారు, బొటనవేళ్లు లేపారు. "సూపర్ సార్, మంచిగ సమజైంది" అన్నారు. నిజం చెప్పొద్దూ, కొంచెం పొంగిపోయాను.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. వెళ్లిన రెండో రోజో మూడో రోజో, వీడియోలో చెప్పిన లెక్కే బల్ల మీద రాశాను. రెండు వరుస బేసి సంఖ్యల వర్గాల మొత్తం 290, ఆ సంఖ్యలేవి? మొదటి సంఖ్య ఎక్స్ అనుకోండి అన్నాను. అక్కడిదాకా అందరూ వచ్చారు. రెండోది? సగం క్లాసు ఎక్స్ ప్లస్ 1 అని రాసింది. మిగిలిన వాళ్లలో కొందరు పక్కవాడి నోటు బుక్కు చూసి ఎక్స్ ప్లస్ 2 అని రాశారు. 11 తర్వాత వచ్చే బేసి సంఖ్య 13 కదా, రెండు కలపాలి కదా! అది వాళ్లకు తెలియక కాదు. వీడియోలో ఎక్స్ ప్లస్ 2 అని నేనే గబగబా రాసేశాను. చూస్తున్నవాళ్లకు "ఒకటెందుకు కాదు?" అని ఆగాల్సిన అవసరమే రాలేదు. ఎక్కడ తడబడితే లెక్క వస్తుందో ఆ చోటును నేనే చదును చేసి పెట్టాను. వాళ్లు దాని మీద హాయిగా నడిచి వెళ్లిపోయారు.

మీరు బీడీలు ఎలా నేర్చుకున్నారు? అమ్మ పక్కన కూర్చుని చూశారు, సరే. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, వేళ్ల మధ్య దొర్లించడం, దారం చుట్టడం, అన్నీ చూస్తుంటే అర్థమైనట్టే ఉంటాయి. మరి మొదటిసారి మీరు చుట్టిన బీడీ? వదులుగానో వంకరగానో వచ్చే ఉంటుంది. కార్ఖానాలో పక్కకు తీసేసే ఉంటారు. అలా ఎన్ని పోయాక చెయ్యి కుదిరిందో మీకే తెలుసు. లెక్క కూడా చేతి పనే అమ్మా. మీవాడు రోజూ గంటల తరబడి ఎవరో చుట్టే బీడీలను చూస్తున్నాడు.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. కొందరితో దాన్నే మళ్లీ చదివించారు. కొందరితో కాగితం తీసేసి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తిరగబడింది. చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. మీవాడు వీడియో అయిపోగానే "వచ్చింది" అనుకోవడానికీ, పరీక్షలో చెయ్యి ఆగిపోవడానికీ మధ్య తేడా అదే. అందుకని వాణ్ని దొంగను చూసినట్టు చూడకండి. వాడు నిజంగానే వచ్చిందనుకుంటున్నాడు.

ఏడో తరగతి చదువుతో నేనేం చూడగలను అని మీకనిపించవచ్చు. ఈ పనికి లెక్కలు రానక్కర్లేదు. పాఠం అయిపోగానే ఫోను గూట్లో పెట్టించండి. నోటు బుక్కు మూయించండి. తెల్ల కాగితం ఇచ్చి, ఇప్పుడు చూసిన లెక్కే మొదటి నుంచి మళ్లీ చేయమనండి. మీరు ఎదురుగా కూర్చుని మీ చాటలో మీ పని చేసుకోండి. కాగితం వైపు చూడక్కర్లేదు, పెన్ను వైపు చూడండి. ఎక్కడ ఆగిందో మీకు కనిపిస్తుంది. ఆగినప్పుడు తిట్టొద్దు, ఫోను తియ్యనివ్వొద్దు. అయిదు నిమిషాలు అలాగే కొట్టుకోనివ్వండి. అప్పటికీ రాకపోతే ఆ మెట్టు దగ్గర గుండ్రంగా సున్నా చుట్టించండి. తెల్లారి ఆ సున్నా పట్టుకుని బడిలో సారును అడగాలి. "పాఠం అర్థం కాలేదు సార్" అంటే ఏ టీచరూ ఏమీ చెప్పలేడు. "ఈ మెట్టు నుంచి ఈ మెట్టుకు ఎట్లొచ్చింది సార్" అంటే రెండు నిమిషాల్లో చెబుతాడు. ముప్పయ్యేళ్లు చెప్పినవాణ్ని, నా మాట నమ్మండి.

ఆ ఏఐ సంగతి కూడా ఇదే, కాకపోతే ఇంకో ఆకు ఎక్కువ చదివింది. టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు పిల్లలతో లెక్కల మీదే ఒక ప్రయోగం చేశారు, ఫలితాలు 2025లో అచ్చయ్యాయి. ఏఐని మామూలుగా వాడుకోనిస్తే, సాధన చేసేటప్పుడు పిల్లలు 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అది లేకుండా పరీక్ష పెడితే, అసలు దాన్ని ముట్టని పిల్లల కంటే 17 శాతం వెనకబడ్డారు. అదే ఏఐని జవాబు ఇవ్వకుండా, టీచర్లు రాసిచ్చిన సూచనలతో దారి మాత్రం చూపేలా మార్చి ఇచ్చినప్పుడు ఆ దెబ్బ దాదాపు కనిపించలేదు. కాబట్టి మీవాడికి నేను చెప్పేది ఒక్కటే (ఈ పేరా వాడితోనే చదివించండి): ఒరే నాయనా, ఫోటో కొట్టడానికి ముందు కాగితం మీద కనీసం రెండు మెట్లు నువ్వు రాసి ఉండాలి. ఫోటో కొట్టాక "జవాబు చెప్పకు, నేను ఎక్కడ తప్పానో మాత్రం చెప్పు" అని టైపు చెయ్యి. తెలుగులో అడిగినా చెబుతుంది. అది కూడా ఒక్కోసారి తప్పు చెబుతుంది, చివర్లో జవాబును లెక్కలో పెట్టి నువ్వే సరిచూసుకో. 11 వర్గం 121, 13 వర్గం 169, కలిపితే 290. ఇది చూడటానికి ఏ ఏఐ కావాలి?

వాడు ఫోనులో పాఠాలే చూస్తున్నాడా అనేది మిగిలింది. మొత్తం పాఠాలే అని నేననను. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2024లో దేశమంతా పల్లెల్లో చేసిన అసర్ అనే చదువుల సర్వేలో, 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. వాళ్లలో అంతకు ముందు వారం చదువు కోసం వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడామన్నవాళ్లు 76 శాతం. మీవాడు ఊళ్లో అందరిలాంటి పిల్లవాడే. లెక్కల వీడియో కిందే షార్ట్స్ ఉంటాయి, పైన ఇన్‌స్టా చుక్క మెరుస్తుంది, మధ్యలో దోస్తు మెసేజ్ టింగుమంటుంది. ధ్యాస ఒకసారి చెదిరితే మళ్లీ చదువులోకి రావడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని యునెస్కో 2023 నివేదికలో రాశారు. గంటకు మూడుసార్లు టింగుమంటే ఆ గంట ఏమైనట్టు?

దీనికి చాటుగా ఫోను వెతకడం మందు కాదు. ఆదివారం పూట వాడితోనే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిపించండి. ఏ యాప్ ఎన్ని గంటలు వాడాడో అందులో రంగు ముక్కల్లో కనిపిస్తుంది. చూసి అరవకండి. "ఇందులో లెక్కలది ఎంత?" అని అడిగి ఊరుకోండి. వాడే ఒక అంకె చెబుతాడు, ఆ చెప్పేటప్పుడు వాడి గొంతే మీకు చాలు.

ఆ తర్వాత ఒక చిన్న కిటుకు. యూట్యూబ్‌లో చాలా పాఠాలకు కింద డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది. మరుసటి రోజుకు కావలసిన ఒక్క పాఠం ముందే దింపుకొని, డేటా ఆపేసి చూడమనండి. పాఠం అక్కడే ఉంటుంది, షార్ట్స్ రావు, మెసేజ్ రాదు. తాళాలు వేసే యాప్‌లు వందున్నాయి, పదో తరగతి పిల్లవాడు వాటిని పది నిమిషాల్లో తీసేస్తాడు. డేటా ఆపడానికి మాత్రం ఏ సాంకేతిక జ్ఞానమూ అక్కర్లేదు, ఆపిందీ లేనిదీ మీకు కనిపిస్తుంది. ఇంట్లో టీవీ ఉంటే టీ-శాట్ విద్య చానెల్ దాంట్లోనే పెట్టవచ్చు, ఫోనే అక్కర్లేదు.

ఫోను దండగ అని నేను అనడం లేదు. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు ఫెట్ అని ఉచితంగా నడుపుతున్న సైట్ ఒకటుంది. అందులో బ్యాటరీ, తీగ, బల్బు వేలితో జరిపి కలిపి, బ్యాటరీ పెంచితే విద్యుత్తు ఎలా పెరుగుతుందో చూడవచ్చు. మా బడి ల్యాబులో బీరువా తాళం చెవి దొరకని రోజుల్లో అది నాకు చాలా పనికొచ్చింది. పుస్తకం చూపించలేనిది చూపించినప్పుడే ఫోనుకు విలువ. పుస్తకంలో ఉన్నదాన్నే ఇంకొకరి గొంతుతో మూడోసారి వినడానికైతే, నిద్ర పోవడం మేలు.

ఇక మీరు ఒక్క వాక్యంలో తేల్చేసి వెళ్లిపోయిన మాట దగ్గరికి వస్తాను. "చిన్నదానికైతే ఫోను ముట్టనియ్య, ఆడపిల్ల గదా."

పెద్దోని సంగతే చెప్పమన్నారు. కానీ ఈ రెండూ వేరువేరు సంగతులు కావమ్మా. ఫోను పెద్దోడిది అని మీ ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. అందుకే వాడి జేబులో ఉంటుంది, వాడి దుప్పట్లో ఉంటుంది, అడిగితే గుంజుకున్నట్టవుతుంది. అదే ఫోను ఇంటిది అయితే? దానికి గూట్లో చోటుంటుంది, వాడుకోవడానికి వంతులుంటాయి, వంతు అయిపోతే ఇవ్వడం అలవాటవుతుంది. గుంజుకోవడమనే మాటే రాదు. ఆ వంతుల్లో మీ చిన్నదానిదీ ఒకటి. దానికీ లెక్కలున్నాయి, రెండేళ్లలో అదే పది పరీక్ష. అసర్ వాళ్లే 2023లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను అడిగితే, ఫోను వాడటం వచ్చిన అబ్బాయిల్లో దాదాపు 44 శాతానికి సొంత ఫోను ఉంది, అమ్మాయిల్లో 20 శాతానికే ఉంది. ఆడపిల్ల అని మీరు భయపడేది నాకు అర్థం కాక కాదు. ఎవడో ఏదో పంపుతాడు, ఫోటోలు అడుగుతాడు, పేరు పోతుంది అని. ఆ ప్రమాదం మగపిల్లలకూ ఉంది, వాళ్లు చెప్పుకోరు అంతే. ముందు గదిలో, మీ కళ్ల ముందు, మీ పక్కన నేర్చుకున్న పిల్ల అలాంటిది వస్తే మీ దగ్గరికే వచ్చి చెబుతుంది. స్నేహితురాలి ఫోనులో దొంగతనంగా నేర్చుకున్న పిల్ల చెప్పదు. అలాంటిదేమన్నా ఎదురైనా, డబ్బు పోయినా సైబర్ నేరాల నంబరు 1930. ఇదీ క్యాలెండర్ పక్కనే రాయండి.

వంతులు ఎలా పెడతారో మీ ఇష్టం. నాకైతే పెద్దోడికి సాయంత్రం గంట, చిన్నదానికి ముప్పావు గంట సరిపోతుందనిపిస్తుంది. రాత్రి ఫోను మీ దిండు దగ్గర చార్జింగులో ఉండాలి, నాన్న కాల్ ఎలాగూ మీకే రావాలి కదా. మొదటి వారం గొడవ అవుతుంది. ఒకటి రెండు రోజులు వాడు మాట తప్పుతాడు, మీరు కూడా పని ఒత్తిడిలో పోనీలే అనుకుంటారు. అయినా పర్వాలేదు, మూడో రోజు మళ్లీ మొదలుపెట్టండి. బడి వాట్సాప్ హోంవర్కు గురించి క్లాస్ టీచర్‌ను కలవండి. బల్ల మీద కూడా రాయించండి సార్, మా ఇంట్లో ఒకటే ఫోను అని చెప్పండి. ఆ మాట చెప్పడానికి మీరు సిగ్గుపడాల్సిన పనిలేదు, తరగతిలో సగం ఇళ్లది అదే కథ.

మార్కుల గురించి ఒక్క ముక్క. 80కి 31 అంటే పాస్ మార్కు 28 దాటాడు, ఫెయిల్ కాలేదు. తొమ్మిదిలో బాగా చేసినవాడు అన్నారు, కాబట్టి పునాది ఉంది. రోజుకు మూడు లెక్కలు, ఫోను మూసి, చేతితో. అంతకంటే ఎక్కువ పెట్టకండి, నిలవదు.

మిగిలింది మీ ఆయన. "పోరన్ని ఏమనకు" అనడం ఆయన తప్పు కాదు, అంత దూరం నుంచి ప్రేమ చూపించడానికి ఆయనకు ఇంకో దారి లేదు. ఆయనతో పిల్లాడి మీద ఫిర్యాదు చెయ్యకండి, ఒక పని అప్పజెప్పండి. రోజూ కాల్‌లో "ఇయ్యాల ఏ మెట్టు దగ్గర ఆగినవురా, చూపియ్యి" అని అడగమనండి. వాడు ఆ సున్నా చుట్టిన కాగితం కెమెరాకు పెట్టి చూపిస్తాడు. నాన్నకు లెక్క అర్థం కానక్కర్లేదు. ఇక ఈ రాత్రి కాల్ వచ్చినప్పుడు, ఫోను ముందు చిన్నదాని చేతికివ్వండి.